చూరున పెద్ద రాయి, కొప్పున చిన్న రాయి

లండన్‌లో థేమ్స్‌ను చూసినవాళ్లను తీసుకొచ్చి లెచ్‌లేడ్ దగ్గర నిలబెట్టి, ఇదే ఆ నది అంటే నమ్మరు. మా కుందూ నది వానాకాలంలో ఇంతకంటే వెడల్పున పారుతుంది. గడ్డి అంచుదాకా నిండిన నీళ్లు, వాటి మీదికి వంగిన విల్లో చెట్లు, చప్పుడు లేకుండా పోయే ఒకటి రెండు పడవలు. కింది నుంచి వచ్చే పెద్ద పడవలకు ఇదే చివరి ఊరు. 1792లో కట్టిన రాతి వంతెనను ఇప్పటికీ అర్ధపెన్నీ వంతెన అనే పిలుస్తారు. ఒకప్పుడు దాన్ని నడిచి దాటేవాళ్ల దగ్గర వసూలు చేసిన సుంకం అంత.

జూన్ నెల. మా అమ్మాయి స్విండన్‌లో ఉంటుంది. రెండు వారాలు నన్ను మ్యూజియాలూ రాజభవనాలూ తిప్పి, ఆ శనివారం "నాన్నా, ఇవాళ నీకు రాళ్లు చూపిస్తా పద" అంది. నేను పుట్టింది బేతంచెర్ల పక్కన ఒక పల్లెలో. నాపరాళ్ల గనుల మధ్య పెరిగాను. కాళ్ల కింద బండ, తలమీద బండ, గొడ్లు నీళ్లు తాగే తొట్టి బండ. నాకేం కావాలో దానికి తెలుసు.

మేం చూడబోయేది కెల్మ్‌స్కాట్ అనే పల్లెలో ఒక పాత ఇల్లు. కవి, గుడ్డల మీదా గోడకాగితాల మీదా పువ్వులల్లిన కళాకారుడు విలియం మోరిస్ 1871లో దాన్ని అద్దెకు తీసుకుని, 1896లో చనిపోయేదాకా వదల్లేదు. పేరు కెల్మ్‌స్కాట్ మేనర్. మేనర్ అనగానే జమీందారీ కోట అనిపిస్తుంది గానీ అది టర్నర్ అనే రైతు కుటుంబం 1600 ప్రాంతంలో కట్టుకున్న ఇల్లు. కారులో పది నిమిషాల దారి. మేం మాత్రం నది వెంట నడిచే పోదామనుకున్నాం. మూడు నాలుగు మైళ్లు.

ఊరు దాటగానే సెయింట్ జాన్స్ లాక్. పడవలను ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దించే తలుపుల కాలువ అది. గట్టు మీద పొడుగు గడ్డంతో, భుజాన పారతో, పక్కకు ఒరిగి పడుకున్న ముసలాయన బొమ్మ ఉంది. అతనే థేమ్స్. 1854లో లండన్ క్రిస్టల్ పాలెస్ కోసం చేసిన బొమ్మ చివరికి ఇక్కడికి చేరింది. మనకు గోదావరీ కృష్ణా తల్లులు, వీళ్లకు నది తండ్రి. మన దగ్గరా బ్రహ్మపుత్రుణ్ని నదం అని మగవాడిగా చెబుతారు కదా అన్నాను మా అమ్మాయితో. అది ఆ మాట వినడం అదే మొదటిసారి. ఇంగ్లండులో నడుస్తూ మన నదుల గురించి ఒక మైలు దూరం మాట్లాడుకున్నాం.

దారి పొలాల మధ్య నుంచే పోతుంది. ప్రతి పొలానికీ ఒక గేటు. తెరవాలి, దాటాలి, మళ్లీ వేయాలి. ఎదురొచ్చేవాళ్లు గేటు పట్టుకుని మనం దాటేదాకా నిలబడతారు. "బాగుంది కదా ఎండ" అంటారు, అంతే, పోతారు. మా ఊళ్లో అయితే "యా ఊరు నాయనా, ఎవరి తాలూకు" అన్న ప్రశ్న దాటకుండా ఎవరూ కదలనియ్యరు. ఇక్కడి మర్యాద అడగకపోవడంలో ఉంది, అక్కడి మర్యాద అడగడంలో ఉంది. రెండూ మర్యాదే అని ఒప్పుకోవడానికి నాకు పదిహేను రోజులు పట్టింది.

గట్టు పొడుగునా అక్కడక్కడ కాంక్రీటు గూళ్లు కనిపించాయి. జర్మన్లు దిగితే ఈ నది దగ్గర ఆపాలని 1940లో కట్టిన తుపాకి గూళ్లు. ఇప్పుడు వాటి నీడన ఆవులు పడుకుని నెమరు వేస్తున్నాయి. ఎనభై ఏళ్లకే కాంక్రీటు నల్లబడి, అంచులు విరిగి, లోపలి ఇనుము తుప్పు కక్కుతోంది. అప్పుడు ఆ సంగతి పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత గుర్తొచ్చింది.

కెల్మ్‌స్కాట్ పొలిమేరలో నా కాళ్లు వాటంతట అవే ఆగిపోయాయి. ఎదురుగా బండల కంచె.

కొండరాళ్లు పేర్చిన గోడ కాదు. నిలువెత్తులో సగం ఉండే పలకలు, ఒకదాని అంచుకు ఒకటి ఆనించి, వరసగా నేలలో పాతినవి. అచ్చం మా ఊరి దొడ్లే. బేతంచెర్ల, బనగానపల్లె చుట్టుపక్కల నాపబండలు ఇలాగే నిలబెట్టి దొడ్డి కట్టుకుంటారు. చిన్నప్పుడు ఆ బండల మీద బొగ్గుతో వికెట్లు గీసుకున్నవాళ్లం మేము. ఎనిమిది వేల కిలోమీటర్ల అవతల, మన మాట ఒక్కటీ తెలియని మనుషులు, అదే రాయికి అదే పని చెప్పారు. పొరలు పొరలుగా లేచే సున్నపురాయి చేతికి దొరికితే, ఏ దేశపు రైతుకైనా అది నిలబెట్టి పాతడానికే తోస్తుంది కాబోలు.

దగ్గరికి పోయి మోకాళ్ల మీద కూర్చుని చూశాను. పలక అంచున చిటికెనవేలి గోరంత గవ్వలు, విరిగిన ఆల్చిప్పల ముక్కలు, ఒకదాని మీద ఒకటి అతుక్కుని ఉన్నాయి. వేలితో రాస్తే చిప్ప అంచు గరుకుగా తగిలింది. పదహారు పదిహేడు కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ లోతు లేని వెచ్చటి సముద్రం ఉండేది. ఆ అడుగున పేరుకున్నదే ఈ రాయి. మా నాపరాయిలో ఇలాంటి చిప్ప ఒక్కటి కూడా కనబడదు. గీసినా పగలగొట్టినా లోపలంతా నున్నటి నలుపే. మాది దీనికంటే ఎన్నో రెట్లు పాత రాయి. సముద్రంలో గవ్వకట్టుకునే జీవం ఇంకా పుట్టని రోజుల్లో పేరుకున్న బురద అది. బెలూం గుహలు తొలిచింది కూడా ఆ రాయిలోనే నీళ్లు.

నేనలా రాయిని తడుముతుంటే ఒక పెద్దాయన ఆగాడు. డెబ్భై దాటినవాడు, వేళ్లు రాయిలాగే మొద్దుబారి ఉన్నాయి. నలభై ఏళ్లు ఈ చుట్టుపక్కల ఇళ్ల కప్పులు వేశాట్ట. ఫోన్లో మా ఊరి దొడ్డి ఫొటో చూపించాను. కళ్లజోడు పైకెత్తి చాలాసేపు చూశాడు. "అడుగున ఎంత లోతు పాతుతారు?" అని అడిగాడు. నా ఊరు, నా పని, నా మతం ఏదీ అడగని దేశంలో నన్నడిగిన మొదటి సొంత ప్రశ్న అది. మూరెడు అని చేత్తో చూపించాను. తల ఊపాడు, తనూ చేత్తో కొలత చూపించాడు. మా ఇద్దరి కొలతా ఒకటే.

కప్పుకు వేసే పలకల సంగతి ఆయనే చెప్పాడు. మా దగ్గర గనిలో పొర సందు చూసి ఉలి పెట్టి, సమ్మెటతో కొట్టి, గడ్డపారతో లేపుతారు. ఇక్కడ కప్పు పలకలకు ఆ పని చలి చేసేది. ఆక్స్‌ఫర్డ్ అవతల స్టోన్స్‌ఫీల్డ్ అనే ఊరు ఈ పలకలకు పేరుపడ్డది. చలికాలం ముందు రాయిని భూమిలోంచి తీసి, లోపలి తేమ ఆరకుండా కాపాడేవాళ్లు. గడ్డకట్టే రాత్రి రాగానే పొలంలో పరిచి నీళ్లు చల్లేవాళ్లు. లోపలి నీరు మంచై ఉబ్బి రాయిని పొరలుగా విడదీసేది. గడ్డకట్టే చలి సూచన కనబడితే చర్చి గంట కొట్టి, నిద్రపోతున్న ఊరిని లేపి రాళ్ల మీద నీళ్లు చల్లించేవాళ్లని అంటారు. అర్ధరాత్రి, చలిలో, ఊరు ఊరంతా రాళ్లకు నీళ్లు పోస్తున్న దృశ్యం నా తలలోంచి ఇప్పటికీ పోలేదు. ఒక్కసారి ఆరిపోతే ఆ రాయి ఇంక పొరలు విడవదట.

ఊరు చిన్నది. ఒక చర్చి, ఒక పబ్బు, నాలుగు వరసల ఇళ్లు. చివర ఎత్తైన రాతి ప్రహరీ, అందులో ఒక చెక్క తలుపు. తలుపు దాటగానే నేరుగా వాకిలి దాకా బండలు పరిచిన సన్నటి బాట, రెండు పక్కలా గులాబీలు. ఆ బాట చివర ఇల్లు. మోరిస్ తన నవలల్లో ఒకదానికి ముఖచిత్రంగా ఇదే వాకిలిని, ఇవే గులాబీలను అచ్చువేయించుకున్నాడు. ఆ బొమ్మ నేను ముందే చూశాను. కానీ ఆ బొమ్మలో రాయి రంగు లేదు. బూడిద అనలేం, పసుపు అనలేం. ఎండ పడ్డచోట పొట్టు తీయని జొన్నల రంగు, నీడలో తడి బూడిద. అక్కడక్కడ నాచు అంటుకుని నారింజ మచ్చలు.

ముందు కప్పు చూశాను. ఇంటికి నుదురు లాంటిది కప్పు. త్రిభుజాల్లా లేచిన గోడకొసలు, వాటి మధ్య నిటారుగా వాలిన రాతి కప్పు. చూరు దగ్గర పలకలు జానెడున్నర వెడల్పుతో పెద్దవి. పైకి పోయేకొద్దీ వరస వరసకూ తగ్గుతూ, కొప్పు దగ్గర అరచేయంత. దూరం నుంచి చూస్తే ఇల్లు అసలు కంటే ఎత్తుగా, కప్పు మెత్తగా కనిపిస్తుంది. అందం కోసమే అలా వేశారేమో అనుకున్నాను. కంచె దగ్గరి పెద్దాయన మాట గుర్తొచ్చింది: పెద్ద పలక బరువు, గోడ మీద కూర్చోవాలి, కప్పు నీళ్లన్నీ చేరేది చూరుకే కాబట్టి అక్కడ అతుకులు తక్కువ ఉండాలి, చిన్న పలకలు తేలిక, అవి పైకి. గనిలోంచి వచ్చిన రాయిలో చిన్నది పెద్దది అని పారేసేది లేదు. ప్రతి ముక్కకూ కప్పు మీద ఒక చోటుంది. మా బేతంచెర్ల దారుల్లో కొలతకు రాని ముక్కలు కొండలుగా పోసి ఉంటాయి. వాటి పక్క నుంచి బడికి నడిచినవాణ్ని. ముక్కకూ ఒక చోటుండాలని అప్పుడు తట్టలేదు.

ఒక్కో పలకకు పైన బెజ్జం, అందులో ఓక్ చెక్క మేకు. అది కింద అడ్డపట్టెకు తగులుకుని వేలాడుతుంది. సిమెంటు లేదు. పలక పగిలితే దాన్ని తీసి ఇంకోటి తగిలించవచ్చు. కప్పు ఇంత నిటారుగా ఎందుకంటే, రాయి గరుకు, నీరు తాగుతుంది, నిలవనివ్వకూడదు. నిలిస్తే గడ్డకట్టి పలకను చీలుస్తుంది. రాయిని విడదీసి ఇచ్చిన చలే దాన్ని చెడగొడుతుంది కూడా. మా మిద్దె దీనికి సరిగ్గా ఎదురు. మాకు వాన తక్కువ, ఎండ ఎక్కువ. కప్పు చదును. దూలం, దాని మీద దంతెలు, దంతెల మీద నాపబండలు, ఆ పైన చవుడు మట్టి. తొలి చినుకుకు ఆ చవుడు మెత్తబడి సాగి సందులన్నీ మూసేస్తుంది. ఎండాకాలం రాత్రుళ్లు దాని మీదే పడక, వడియాలూ దాని మీదే. ఒకే రాయి, ఒక ఆకాశం కింద నిటారుగా లేచింది, ఇంకో ఆకాశం కింద పడుకుంది.

గోడలకు వీపు ఆనించి నిలబడితే ఇంకో సంగతి తెలిసింది. గోడ తిన్నగా లేదు. కింద మందంగా మొదలై పైకి పోతూ కొద్దిగా వెనక్కి వాలుతుంది. మోరిస్ కూడా ఈ ఇంటి గురించి రాసినప్పుడు ఆ వాలును మరిచిపోకుండా చెప్పాడు. రాళ్లు చెక్కినవి కావు, దొరికిన ఆకారంలో పేర్చినవి. మూలల్లోనూ, కిటికీల చట్రాల్లోనూ మాత్రం చెక్కుడు రాయి. కిటికీకి చెక్క చువ్వలు లేవు, రాతి కమ్ములే నిలువుగా నిలబడి దాన్ని రెండు మూడు గదులుగా చీలుస్తాయి. 1665 ప్రాంతంలో ఒక పక్కకు కొత్త భాగం కట్టారు. ఆ పై కిటికీల నెత్తిన గుడి ముఖద్వారం లాంటి చిన్న త్రికోణాలున్నాయి. అప్పటికి టర్నర్ల చేతిలో డబ్బు ఆడి, పట్నంలో నడుస్తున్న వేషం పల్లెలోని ఇంటికి కూడా తొడిగారు. అయినా రాయి అదే, కప్పు అదే, సున్నపు పూత పల్చగా మెత్తినా అదీ ఎండకూ వానకూ రాయి రంగులోకే దిగిపోయింది.

లోపల ఒక్కో గదికి ఒక్కో పెద్దావిడో పెద్దాయనో కాపలా. జీతం లేని సేవ. అడిగితేనే చెబుతారు, అడిగితే మాత్రం ఆగరు. ఈ ఇంట్లో గదులకు విడిగా దారి అంటూ లేదు. ఒక గదిలోంచే ఇంకో గదికి పోవాలి. పై అంతస్తులో తెరల గదికి పోవాలంటే మోరిస్ పడకగది దాటే పోవాలి. అతిథులకు అది ఇబ్బందిగా ఉండేదట. నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే నేను పుట్టిన ఇల్లూ అంతే. నడవ వెనక పడసాల, పడసాల వెనక వంటిల్లు, వంటింట్లోంచి ధాన్యపు కొట్టు. ఎవరి నిద్ర మీదుగానో నడవకుండా ఎవరికీ నీళ్లు దొరికేవి కావు. తలుపు వేసుకుని ఒంటరిగా ఉండే గది అనేది ఇంటికి తర్వాత వచ్చిన ఆలోచన. అది రాకముందు కట్టిన ఇళ్లలో మనుషులు ఒకరికొకరు అడ్డం పడుతూ బతికారు, అందుకని ఒకరి దగ్గు ఒకరికి తెలిసేది.

తెరల గదిలో గోడల నిండా పదిహేడో శతాబ్దపు నేత తెరలు, బైబిల్లోని సామ్సన్ కథ. మోరిస్ అద్దెకు రాకముందు నుంచే అవి ఇక్కడున్నాయి. అతనితో కలిసి ఇల్లు అద్దెకు తీసుకున్న చిత్రకారుడు రోసెట్టి ఈ గదిలోనే బొమ్మలు వేసుకునేవాడు. సామ్సన్ కళ్లు పీకే దృశ్యం పక్కనే ఉండటం అతనికి గిట్టేది కాదు. 1874లో రోసెట్టి వెళ్లిపోయాడు, మోరిస్ ఉండిపోయాడు. తెరలు వెలిసి, ఎరుపు పోయి నీలం మిగిలి, అడవి మొత్తం నీలి ఆకులతో ఉంది. ఆ వెలిసిన రంగే మోరిస్‌కు ఇష్టం.

నీలం దగ్గర నేను ఇంకాసేపు ఆగాలి. ఈ ఇంటి తోటలో స్ట్రాబెర్రీలు పండితే త్రష్ పిట్టలు వల కింద దూరి ఎత్తుకుపోయేవి. వాటిని చూసి 1883లో మోరిస్ గీసిందే ‘స్ట్రాబెర్రీ దొంగ’ అనే గుడ్డ నమూనా. ముదురు నీలం మీద ఎదురెదురు పిట్టలు, ముక్కున పండు. ముందు గుడ్డంతా నీలిమందులో ముంచి, అచ్చుతో నీలం తీసేసి, ఆ ఖాళీల్లో ఎరుపూ పసుపూ ఎక్కించే పద్ధతి. ఆ పద్ధతి పట్టు దొరకడానికి ఏళ్ల తరబడి తొట్లలో చేతులు ముంచాడు. ఇంగ్లీషు వాళ్లకు ఇలాంటి పూల గుడ్డ మీద మోజు కలిగించింది మన కోరమాండల్ తీరం. ఈస్టిండియా కంపెనీ 1611లోనే మచిలీపట్నంలో కొట్టు తెరిచింది. మన చిరివేరు ఎరుపు, నీలి, కలంకారీ పూలు ఓడలెక్కి వచ్చి ఇక్కడి కిటికీలకూ మంచాలకూ ఎంతగా పట్టాయంటే, సొంత నేతగాళ్ల గోల పడలేక 1700లోనూ 1721లోనూ వాటిని నిషేధిస్తూ చట్టాలు చేశారు. మా అవ్వ చీటిగుడ్డ అనేది, వీళ్లు చింట్జ్ అంటారు. మాట కూడా ఓడ ఎక్కే వచ్చింది. ఆ పిట్టల గుడ్డ ముందు నిలబడి మా అమ్మాయి "పెడన చీరలా ఉంది నాన్నా" అంది. చాలా తెలివైన మాట అనిపించింది నాకు.

అటకకు మెట్లు నిటారుగా, ఇరుగ్గా ఉంటాయి. తల వంచి ఎక్కాను. ఈ ఇంట్లో నన్ను పట్టేసింది ఈ అటకే. కింది అంతస్తుల్లో బొమ్మలు, తెరలు, పేరున్నవాళ్ల మంచాలు. ఇక్కడ ఏమీ లేదు. వాలు కప్పు, దాన్ని మోసే ఓక్ దూలాలు, చిన్న కిటికీ. పొలం పనివాళ్లు, గొర్రెలకాపర్లు ఒకప్పుడు పడుకున్న చోటు. దూలం మీద చేయి వేశాను. గొడ్డలి దెబ్బలు ఇంకా తెలుస్తున్నాయి, కొసలు మాత్రం అరిగి నున్నబడ్డాయి. చెక్క ఎండి మెలితిరిగి, ఒక దూలం ఒక పక్కకు, ఇంకోటి ఇంకో పక్కకు ఒరిగింది. రెండూ నాలుగు వందల ఏళ్లుగా ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి. కిటికీలోంచి చూస్తే పక్క కప్పు కళ్లకు అందేంత దగ్గర. ఆ పలకల్లో మూడు నాలుగు మాత్రం తెల్లగా ఉన్నాయి. కొత్తవి. మిగతావాటి మీద నాచు, వీటి మీద లేదు. దాచిపెట్టే ప్రయత్నం లేదు. పాతదానికి కొత్త ముక్క పెట్టాం అని కప్పే చెబుతోంది.

ఇది మోరిస్ పాఠం. అప్పటి ఇంగ్లండులో బాగుచేత పేరుతో పాత చర్చిల గోడలు గీకి, తర్వాతి కాలాలవాళ్లు కట్టినవన్నీ కొట్టేసి, అసలు రూపం అని తాము ఊహించుకున్నది కట్టేవాళ్లు. దాన్ని ఎదిరించి 1877లో పాత కట్టడాల రక్షణకు ఒక సంఘం పెట్టాడు. ఆ సంఘం ఇప్పటికీ పనిచేస్తోంది. వాళ్ల పట్టు ఇది: పాతదాన్ని కొత్తగా చేయొద్దు, కొత్తదాన్ని పాతదిగా నటింపజేయొద్దు, కారే చోట ముందు ఆపండి, పగిలిన చోట ఒక్క ముక్క మార్చండి. ఈ ఇంటిని ఆ పద్ధతిలోనే ఒక తరం తర్వాత ఒక తరం మోసుకొచ్చింది. భార్య జేన్ 1913లో కొన్నది, కూతురు మే 1938లో చనిపోయేదాకా ఉంది. తర్వాత అది 1962లో పురాతత్వజ్ఞుల సంఘం చేతికొచ్చింది. ఈమధ్య మళ్లీ మరమ్మతులకు మూసి 2022లో తెరిచారు. కట్టినవాడు రాజు కాదు. అద్దెకున్నవాడు దాన్ని కోటగా మార్చలేదు.

టీ కోసం పాత కొట్టంలో కూర్చున్నాం. వేడి స్కోన్ రెండుగా చీల్చి, పైన గట్టి మీగడ, స్ట్రాబెర్రీ జామ్. మీగడ రుచి మా అవ్వ కుండలోంచి తీసి జొన్నరొట్టె మీద వేసిన వెన్నను గుర్తుచేసింది. ఇక్కడ పక్కన ఊరుమిండి పచ్చడి లేదు, అంతే తేడా. స్కోన్ సగం తినేసరికి నాకు ముద్ద దిగలేదు. మా అమ్మాయి ఏమైందని అడగలేదు. అదీ ఆ దేశం దానికి నేర్పిన మర్యాదేనేమో, లేక దానికి తెలిసే ఉంటుంది.

మా ఇల్లు నేనే పడగొట్టించాను. తాత కట్టించిన మిద్దె. ఎనిమిది దూలాలు, నడవలో గవాచి, దాని కింద పొద్దున పదింటికి ఒక ఎండ పలక నేల మీద పడి మధ్యాహ్నానికి గోడ ఎక్కేది. దాన్ని చూసే అవ్వ అన్నం వార్చేది. రెండు బండలు పగిలి కారుతోందని, అన్నదమ్ములం కూర్చుని, స్లాబు వేద్దామని ఒక్క పూటలో తేల్చేశాం. జేసీబీ వచ్చింది. గానుగ సున్నంతో కట్టిన గోడ, ఇనుప పంజాకు సగం రోజు ఎదురు నిలిచింది. రెండు బండలు మారిస్తే సరిపోయేది. ఆ సంగతి చెప్పడానికి ఆ రోజు ఊళ్లో ఎవరూ లేరు, ఉన్నా నేను విని ఉండేవాణ్ని కాను. ఇరవై ఏళ్లకే ఆ స్లాబు పెచ్చులూడి లోపలి ఇనుము కనబడుతోంది, పొద్దున నది గట్టు మీద చూసిన తుపాకి గూళ్లలాగే. వేసవిలో దాని కింద పగలు ఎవరూ ఉండలేరు.

చర్చి తోటలో మోరిస్ సమాధి దాకా నడిచాం. అతని శవపేటికను పొలం బండి మీద, విల్లో కొమ్మలు పరిచి, స్టేషను నుంచి ఇక్కడికి తెచ్చారు. గుర్తుకు శిలువ లేదు, విగ్రహం లేదు. స్నేహితుడు, ఇళ్లు కట్టే ఫిలిప్ వెబ్ చెక్కించిన రాయి అది: పొడుగ్గా, రెండు వైపులా వాలుతో, నడుమ కొప్పుతో, చిన్న ఇంటికప్పులా నేల మీద కూర్చుని ఉంది. భార్య, ఇద్దరు కూతుళ్లు కూడా అదే కప్పు కింద. నాచు పట్టి అక్షరాలు సగం మూసుకుపోయాయి. పక్కన ఎవరో రెండు అడవిపూలు పెట్టి పోయారు.

సాయంత్రం కారులో స్విండన్‌కు తిరిగి వస్తూ గ్రేట్ కాక్స్‌వెల్‌లో ఆగాం. 1300 ప్రాంతంలో మఠంవాళ్లు కట్టిన ధాన్యపు కొట్టం. నూటయాభై అడుగుల పొడవు, అదే రాతి కప్పు, లోపల చర్చిలా వరస స్తంభాలు. మోరిస్ తన అతిథులను ఇక్కడికి తీసుకొచ్చి చూపించేవాడట. లోపల మేమిద్దరమే. ధాన్యం పోసుకునే చోటుకు ఇంత గౌరవమా అని గొంతు తగ్గించి మాట్లాడుకున్నాం.

జులైలో ఇంటికొచ్చాక ఊరికి పోయాను. మా చిన్నాయన ఇల్లు ఒక్కటే ఇంకా మిద్దెగా ఉంది. ఆయనకు ఎనభై రెండు. పిల్లలు నంద్యాలలో. నిచ్చెన వేసి పైకెక్కి చూశాను. చవుడు కొట్టుకుపోయి చాలా ఏళ్లయింది, ఒక మూల బండ అంచు బయటపడింది, వంటింటి వైపు ఒక్క బండ నిలువునా చీలింది. మిగతావన్నీ గట్టిగా ఉన్నాయి. కింద నుంచి ఆయన అరిచాడు, "రేయ్, పడతావురా, దిగు. దాన్ని చూసి ఏం జేస్తావ్, వచ్చే ఏడు పిల్లోళ్లు స్లాబు ఏస్తామన్నారు."

"ఒక్క బండే చిన్నాయనా పగిలింది. దాన్ని నేను తెప్పిస్తా. చవుడు ఏడ దొరుకుతాదో చెప్పు."

ఆయన కాసేపు మాట్లాడలేదు. అరుగు మీద నుంచి లేచి, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని చెరువు వైపు చూశాడు. "కట్ట ఎనక, తుమ్మచెట్లు దాటినాక తెల్లగా అగపడతాది సూడు, మీ తాతా నేనూ ఆడి నుంచే గంపలు మోసినాం. పెద్దవానలకు ఇంకా నెల ఉండాది" అన్నాడు. లోపలికి పోయి, మూలనున్న పాత పార, రెండు గంపలు తెచ్చి అరుగు మీద పెట్టాడు. చెప్పులు వేసుకున్నాడు.